ఊరంతా ఒక్కటే పొగ

మొన్నటి వానలకు మీర్‌పేట్‌లో మా అమ్మాయి వాళ్ళుండే కాలనీ వీధులన్నీ కాలువలైపోయి, కింది అంతస్తుల వాళ్ళంతా పరుపులూ బియ్యం బస్తాలూ నెత్తిన పెట్టుకుని, పిల్లలను చంకనేసుకుని మా అంతస్తుకు ఎక్కి వచ్చారు. ఏళ్ళ తరబడి మెట్ల మీద ఎదురుపడితే సెల్‌ఫోను చూసుకుంటూ తల తిప్పుకుపోయే మనుషులు! ఎదురింటి వకీలుగారు మా డాబా మీద పీట వేసుకుని ఉల్లిగడ్డలు తరిగారు. పక్కింటావిడ ఎవరూ అడగకుండానే తన గ్యాసు బండ మోయించుకొచ్చి పెద్ద గిన్నెలో కిచిడీ వండింది. శేరిగూడలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మనవరాలు బకెట్‌కు తాడు కట్టి, పై నుంచి కిందికీ కింది నుంచి పైకీ మందులూ పాల పాకెట్లూ అందిస్తూ, పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా కాలు నిలవకుండా తిరిగింది. తెల్లవారి ఎనిమిదైనా దుప్పటి తీయని పిల్ల!

నీళ్ళు తీశాయి. ఎవరి తలుపులు వాళ్ళు వేసుకున్నారు. ఆ సాయంత్రం మనవరాలు నా మంచం మీద వచ్చి కూర్చుని, గొంతు తగ్గించి ఒక మాట అన్నది. "అమ్మమ్మా, చెప్తె తిట్టవు గదా. నీళ్లు పోయినంక ఏం మంచిగ అనిపిస్తలేదు. మళ్ల జర వానొస్తె బాగుండు అనిపిస్తుంది." సోఫా తడిసి ముద్దయిన మా అమ్మాయికి ఆ మాట చెవిన పడనే పడింది. ఇక చూడండి, అగ్గి మీద గుగ్గిలమే. బుద్ధి ఉందా, జనం ఇళ్ళు మునిగితే నీకు ఆటగా ఉందా అని ఉతికి ఆరేసింది. పిల్ల మొహం చిన్నబుచ్చుకుని నా వైపు చూసింది, నేనూ తిడతానేమోనని. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ పిల్ల ఈ వేళ సిగ్గుపడుతూ అన్న మాట, నేను పదహారేళ్ళప్పుడు మనసులో అనుకుని పైకి అనలేకపోయిన మాట.

మన తరం వాళ్ళం ఇప్పుడు ఎందరం మిగిలామో తెలియదు. మిగిలిన వాళ్ళకైనా కళ్ళద్దాలు పెట్టుకుంటే తప్ప ఇది చదవడం కాదు. అయినా మీతోనే చెప్పుకోవాలి, మీరైతే నన్ను అపార్థం చేసుకోరు. పోలీసు చర్యకు ముందూ వెనకా మన పల్లెలు పడ్డ బాధలు అందరూ చెబుతారు. భయం, ఆకలి, అడవుల పాలైన మగవాళ్ళు, తగలబడ్డ గడ్డివాములు అన్నీ నిజమే, ఒక్కటి కూడా అబద్ధం కాదు. కానీ ఆ రోజుల్లో మేమెంత సంతోషంగా ఉన్నామో మాత్రం ఎవరూ నోరు విప్పి చెప్పరు. చెబితే ఏమనుకుంటారోనని భయం కాబోలు. ఈ వయసులో నన్ను ఎవరేమంటారు, అన్నా నాకు చెవులు సరిగా వినిపించవు గనుక నేను చెబుతాను.

మా ఊరు ఇబ్రహీంపట్నం పెద్ద చెరువుకు ఆవలి పక్క, గుట్టల మొదట్లో ఉంటుంది. బాపు నా చిన్నతనంలోనే పోయాడు. ఇంట్లో నాయనమ్మ, అమ్మ, అన్న, నేను. సేద్యం అమ్మ చేయించేది, వంటిల్లు నాయనమ్మ ఏలేది. నాకు పెళ్ళయింది గానీ ఇంకా అత్తవారింటికి పంపలేదు. మాది నలుగురు జీతగాళ్ళున్న కాపు ఇల్లు కాబట్టి నాయనమ్మకు లేని పట్టింపు లేదు. ఆవిడ పొయ్యి దగ్గరికి పరాయి మనిషి నీడ కూడా రాకూడదు. చెరువు కింది బెస్తవాళ్ళు తెచ్చిన చేపలు తినేది గానీ, చేపలు తెచ్చిన మనిషిని వాకిట్లోనే నిలబెట్టేది. కూలికి వచ్చిన వాళ్ళకు నీళ్ళు ఎత్తి పోసేది. మా వీధి చివర దర్జీ ఇల్లు ఉండేది. ఆ ఇంటి తురక ఆమెను మేం పిల్లలమంతా దర్జీ చిన్నమ్మ అనేవాళ్ళం, ఆమె మొగుణ్ణి దర్జీ చిచ్చా అనేవాళ్ళం. మా రవికలన్నీ వాళ్ళింట్లోనే కుట్టేవారు. కుట్టిన రవికను నాయనమ్మ నీళ్ళు చల్లి గానీ తీసుకునేది కాదు. చిన్నమ్మ దానికి కోపం తెచ్చుకునేది కాదు, నవ్వి ఊరుకునేది.

అలాంటి ఊరి మీదికి ఆ మూకల భయం వచ్చి పడింది. పేరు పెట్టి చెప్పనక్కర లేదు, మన తరం వాళ్ళకు ఖాకీ బట్టలంటేనే తెలుస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళ మీద పడడం, గింజలు దోచుకోవడం, వయసు మగవాళ్ళు దొరికితే కట్టేసి కొట్టడం మొదలైంది. మా ఊరి మగవాళ్ళు సంఘం వాళ్ళతో కలిసి గుట్టలెక్కారు. మా అన్న వాళ్ళలో ముందున్నాడు. ఊళ్ళో ఆడవాళ్ళం, ముసలివాళ్ళం, పిల్లలం మిగిలాం. ఆ మూకలు గుర్రాల మీదా లారీల మీదా వస్తూ దూరం నుంచే ఊరి పొగను చూసేవాళ్ళట. ఏ ఇంటి మీద పొగ లేస్తుందో ఆ ఇంట్లో మనుషులున్నారు, వండుకోవడానికి గింజలున్నాయి అని లెక్క. నేరుగా ఆ ఇంటికే పోయేవాళ్ళు.

అప్పుడు మా అమ్మకు తట్టింది ఆ ఉపాయం. ఊళ్ళో ఏ ఇంట్లోనూ పొయ్యి రాజేయవద్దు, అందరికీ కలిపి ఒక్కచోటే వండుదాం అన్నది. దూరం నుంచి చూస్తే ఊరు పాడుపడిందనీ, ఎవరో పశువుల కాపరులు చలి కాచుకుంటున్నారనీ అనుకుంటారు. గుట్టల మీది మన వాళ్ళకు మాత్రం అది గుర్తు. ఒక్కటే పొగ లేచిందంటే ఊరికి ఆపద తప్పలేదని, దిగితే నలుగురూ కలిసి కర్రలూ వడిసెలలూ పట్టుకుని దిగాలని. ఇంటింటా పొగ లేచిందంటే భయం పోయిందని, నిశ్చింతగా రావచ్చని. మా అమ్మ అక్షరం ముక్క రాని మనిషి. ఆ ఉపాయం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఛాతీ ఉబ్బుతుంది. మా అమ్మ మరి!

ఆ ఒక్క పొయ్యీ మా కొట్టం వెనకే పెట్టారు, పెద్ద జాగా మాదే కాబట్టి. మూడు బండరాళ్ళు, వాటి మీద పెళ్ళిళ్ళకు తీసే కాగు. మా ఇంట్లో జొన్నలు ఉన్నాయి, బెస్తవాళ్ళు చేపలు తెచ్చారు, కూలివాళ్ళ ఆడవాళ్ళు కట్టెలూ పుంటికూరా తెచ్చారు, దర్జీ చిన్నమ్మ మాత్రం ఒట్టి చేతులతో వచ్చి నిలబడింది. అప్పటికి కొన్నాళ్ళ కిందటే ఆ మూకలు వచ్చి చిచ్చాను, ఆయన కుట్టు మిషనుతో సహా బండెక్కించుకుని ఇబ్రహీంపట్నం వైపు తీసుకుపోయారు. తమ బట్టలు కుట్టమని. రానంటే ఏమవుతుందో చెప్పే పని లేకుండా వీపు మీద రెండు వేసి మరీ తీసుకుపోయారు. అప్పటి నుంచి ఆమెకు ఆయన బతికున్నాడో లేదో తెలియదు. మా అమ్మ ఆమెను చూసి, చేతులేం ఖాళీగా ఉన్నయ్, గరిటె పట్టు అన్నది.

పట్టింది! ఆమె చేతిలో ఏముందో గానీ, అవే చేపలు, అదే చింతపులుసు, ఆమె గరిటె పెట్టి దించితే వాడంతా వాసన వచ్చేది. నాయనమ్మ మొదట్లో ఆ వైపే రాలేదు. తనకు వేరే పొయ్యి కావాలని పట్టుబట్టింది. నీ ఇంటి పొగ చూసి వచ్చి అందరినీ చంపిపోతారని అమ్మ అనేసరికి నోరు మూసుకుని, రెండు పూటలు అటుకులు నానబెట్టుకుని తిన్నది. మూడో పూట కొట్టం మూలన ముగ్గుపిండితో చుట్టూ గీత గీసుకుని, గీత లోపల కూర్చుని, జొన్న గట్కా ముద్ద మాత్రం పెట్టమన్నది. ఆ మరునాడు ముద్దలోకి ఒక చుక్క పులుసు పోస్తే తప్పేముందన్నది. ఇంకా కొన్నాళ్ళకు వానకు గీత చెరిగిపోయింది, మళ్ళీ గీయనేలేదు. "ఓ దర్జీ పిల్లా, తోక ముక్క నాకెయ్యే, పొల్లగాండ్లకు ముండ్లు కుచ్చుకుంటయ్" అని ఆమె అడిగిన రోజున మేమంతా ముక్కున వేలేసుకున్నాం. చిన్నమ్మ తోక ముక్క వేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, పొగ అన్నది. గాలి అవతలి వైపు కొడుతోంది.

ఒకసారి వాళ్ళు నిజంగానే వచ్చారు, పట్టపగలు. చెరువు కట్ట మీద దుమ్ము లేవగానే పిల్లలందరినీ జొన్న చేలల్లోకి తోలేశాం. ఆడవాళ్ళం మిద్దెల మీదికి ఎక్కాం. కుండల నిండా కారం కలిపిన నీళ్ళు, ఒళ్ళో రాళ్ళు. జొన్న చేను మీద వాలే పిట్టలను మంచె మీద నిలబడి వడిసెలతో కొట్టడం నాకు ఏడేళ్ళప్పటి నుంచీ అలవాటు, ఊళ్ళో నా గురికి ఎదురు లేదు. పిట్ట కంటే మనిషి పెద్దవాడు కదా! ముందు వచ్చినవాడి తలపాగా ఎగిరి బురదలో పడింది. నా రాయే. బెస్త ఆడవాళ్ళు మాది, మాది అని తర్వాత వాదులాడారు గానీ, నేను కళ్ళారా చూశాను, నా రాయే అది. కారం నీళ్ళు మొహాన పడ్డవాళ్ళు బూతులు తిడుతూ వెనక్కి తిరిగారు. చాలా పెద్ద గుంపు వచ్చి ఉంటే మా బతుకు ఏమయ్యేదో చెప్పలేను. ఆ రోజు వచ్చింది చిన్న గుంపు, గెలిచింది మేము. ఆ పూట పొయ్యి చుట్టూ కూర్చుని మేం నవ్విన నవ్వులు, ఒకరి మీద ఒకరు పడి, తిన్నది పొలమారేదాకా నవ్విన ఆ నవ్వులు, నా పెళ్ళిలో కూడా నవ్వలేదు.

మనవరాలికి నేను చెప్పాలనుకున్నది అదే. భయం ఉండేది, లేదనను. కుక్క మొరిగితే గుండె జారిపోయేది. కానీ ఆ భయం పక్కనే ఇంకేదో ఉండేది. ఒక బిందె నీళ్ళు ఎత్తినా ఊరి కోసం ఎత్తినట్టుండేది. ఎవరు కనబడినా మన మనిషే అనిపించేది. మామూలు రోజుల్లో గట్టు తగాదా పడి మాట్లాడుకోని ఇళ్ళ వాళ్ళు ఒకే కంచంలో పిల్లలకు పెట్టారు. తిండి అంత రుచిగా, నిద్ర అంత తియ్యగా, ఆకాశం అంత దగ్గరగా నేను మళ్ళీ ఎరగను. బతికి ఉన్నానని ఒంటికి తెలిసే రోజులు అవి. అలాంటి రోజుల రుచి మరిగిన మనిషికి మామూలు రోజు ఎంత చప్పగా ఉంటుందో ఆ తర్వాతే తెలిసింది.

యూనియన్ పటాలం వచ్చిందనీ, సర్కారు లొంగిపోయిందనీ గాజులాయన పరుగెత్తుకొచ్చి చెప్పిన నాడు, అమ్మ కొట్టం వెనక పొయ్యిలోంచి నిప్పు తీసి ఇంటింటికీ పంచింది. పిడకల మీద నిప్పు పెట్టుకుని ఎవరి ఇంటికి వాళ్ళు పోయి పొయ్యిలు రాజేశారు. ఊరంతా పొగలే! గుట్టల మీద నుంచి అది చూసి మగవాళ్ళు కేకలేస్తూ, అంగీలు గాల్లోకి ఎగరేస్తూ దిగి వచ్చారు. మా అన్న అమ్మను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. నేను సంతోషంతో ఏడ్చాను. ఏడుస్తూ కొట్టం వెనక్కి పోతే, మూడు రాళ్ళూ బూడిదా మిగిలాయి. దర్జీ చిన్నమ్మ ఒక్కతే ఆ బూడిద ఎత్తుతోంది. నాయనమ్మ అప్పటికే తన వంటింట్లో పసుపునీళ్ళు చల్లుకుంటోంది.

ఇక ఆ తర్వాతి రోజులున్నాయే, అబ్బ, ఏం రోజులు అవి! కోరుకున్నదంతా దొరికింది, మనసుకు మాత్రం దిక్కు తోచదు. జనం చావడి దగ్గర చేరి కొత్త కబురేమన్నా ఉందా అని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఒకనాడు కట్ట మీద దుమ్ము లేచింది. చూసినవాడు కేకేశాడు, ఊరంతా క్షణంలో కట్ట మీద ఉంది. నేను వడిసెల పట్టుకుని అందరి కంటే ముందు. తీరా చూస్తే మేకల మంద. మేకల కాపరి ఇంత జనాన్ని చూసి హడలిపోయి, ఏం తప్పు చేశానని చేతులు జోడించాడు. ఒకసారి నవ్వేసి వెనక్కి తిరిగాం. కానీ దారి పొడుగునా ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. మేకలైనందుకు మాకు ఊరట కలగలేదు. నిజం చెబుతున్నాను, నిరాశ కలిగింది.

అందరికంటే మా అన్నకు కష్టమైంది. గుట్టల మీద పది మంది వాడి మాట మీద లేచి, వాడి మాట మీద కూర్చున్నారు. ఇంటికొస్తే ఎడ్లకు గడ్డి వెయ్యమని అమ్మ, పొద్దెక్కినా పడుకున్నాడని నాయనమ్మ. నాగలి పట్టుకుని రెండు సాళ్ళు దున్నేవాడు, దుక్కిలోనే ఎడ్లను వదిలేసి కట్ట మీద కూర్చునే పోరగాళ్ళ దగ్గరికి పోయేవాడు. వాళ్ళదీ అదే బాధ. చేతుల్లో కర్రలు ఉన్నాయి, కొట్టడానికి ఎవరూ లేరు. కర్రలకు నూనె రాసుకుంటూ కూర్చునేవాళ్ళు. ఏందిరా అట్లున్నవ్ అని నేనడిగితే, "ఏమో చెల్లె, ఏ పని చెయ్యబుద్ది అయితలేదు" అన్నాడు. నాకు వాడి బాధ తెలుసు, నాదీ అదే కాబట్టి.

ఆ సమయంలో దర్జీ చిచ్చా తిరిగొచ్చాడు. మిషను లేదు, ఒంటి మీద బొక్కలు తప్ప కండ లేదు. నడిచి వచ్చి ఇంట్లో పడ్డవాడు బయటికి రాలేదు. పాపం అన్నవాళ్ళు అన్నారు. కట్ట మీద పోరగాళ్ళకు మాత్రం దొరకనే దొరికాడు. ఆ మూకల అంగీలు కుట్టింది వీడే కదా అని ఒకడు, మన ఊరి గుట్టు చెప్పి ఉంటాడని ఇంకొకడు. పక్క ఊళ్ళలో అట్లాంటి ఇళ్ళు ఖాళీ చేయించారట, మనమేం గాజులు తొడుక్కున్నామా అని మరొకడు. ఆ మాటలతో వాళ్ళ కళ్ళల్లో మళ్ళీ వెలుగు వచ్చింది. అది నేనెరిగిన వెలుగే.

పొద్దు వాలే వేళ అన్న ఇంటికొచ్చి, కూర్చోకుండా, మూలన ఉన్న కర్ర తీసుకున్నాడు. అమ్మ ఎక్కడికని అడిగింది. "దర్జోని ఇల్లు ఖాళీ చేపిస్తం. పొద్దు గూకేసరికి ఊర్ల ఉండొద్దు. లేకుంటే గుడిసెకు అగ్గి పెడ్తం" అన్నాడు. అమ్మ చెప్పింది, వాణ్ణి కొట్టి తీసుకుపోయారు కదరా, ఊరందరి కళ్ళ ముందే కదరా అని. వాడు విననే లేదు. "నీకు తెల్వదమ్మ, నువ్వూకో" అన్నాడు. ఊరిని ఒక్క పొయ్యితో కాపాడిన మనిషికి తెలియదట! వాడు కట్ట వైపు పోయాడు, మిగతా వాళ్ళను కూడగట్టుకుని రావడానికి. అమ్మ గడప మీద కూలబడి, వీడు నా కడుపున పుట్టినోడేనా అని తల పట్టుకుంది.

అప్పుడే మా వంటింట్లో నేను పొయ్యి రాజేస్తున్నాను. ఎసరు పెట్టాను. ఏం ఆలోచించానో నాకు తెలియదు, చెంబెడు నీళ్ళు తీసుకుని పొయ్యిలో పోశాను. బుస్సుమని ఆవిరి లేచింది. నాయనమ్మ ఇదేం పోయేకాలమే అని అరిచింది. నేను కాగు నెత్తిన పెట్టుకుని, అమ్మా, దర్జీ చిన్నమ్మ వాకిట్లో పొయ్యి పెడుతున్నా, ఊరోళ్ళకు చెప్పు అన్నాను. అమ్మ ఒక్క క్షణం నన్ను చూసింది, అంతే, అర్థమైపోయింది. కొంగు నడుముకు చెక్కి బెస్తవాడ వైపు పరుగు తీసింది. ఎనభై ఏళ్ళు దాటిన బతుకులో నేను గొప్పగా చెప్పుకునే పని ఏమన్నా ఉందంటే ఆ చెంబెడు నీళ్ళు పోయడమే.

చిన్నమ్మ తలుపు సందులోంచి చూసింది. ఆమెకు అప్పటికే కబురు అందింది, బట్టలు మూట కట్టుకుంటోంది. మూట తర్వాత, రాళ్ళు తెచ్చి పెట్టు అన్నాను. ఒక్కొక్కరే వచ్చారు. ఎవరూ ప్రశ్నలు వెయ్యలేదు. జొన్నపిండి వచ్చింది, చేపలు వచ్చాయి, పచ్చి వేపమండలు తెచ్చి మంటలో వేశారు, పొగ దట్టంగా లేవాలని. ఊళ్ళో ఇంటింటా పొయ్యి రాజుకునే వేళ అది. ఆ వేళ ఏ ఇంటి మీదా పొగ లేదు. దర్జీ ఇంటి మీద తప్ప. తల తిప్పి చూస్తే మా నాయనమ్మ, పుట్టి బుద్ధెరిగి ఆ చివరికి అడుగు పెట్టని మనిషి, కర్ర ఊతంగా ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వస్తోంది.

కట్ట మీది నుంచి వాళ్ళకు ఆ పొగ కనబడింది. ఇంకేం ఆలోచిస్తారు! ఊరి మీద ఎవరో పడ్డారనుకుని, చేతికి దొరికిన కర్రలూ వడిసెలలూ పట్టుకుని, చేలకు అడ్డం పడి పరుగెత్తుకొచ్చారు. అందరికీ ముందు మా అన్న. చెమటలు కారుతూ, రొప్పుతూ, ప్రాణానికి తెగించిన మొహాలతో. ఒక్క మాట మాత్రం చెప్పాలి, ఆ క్షణంలో నా అన్నను చూస్తే నాకు గర్వమే అనిపించింది. మా కోసం చావడానికి వచ్చాడు వాడు. వాకిట్లోకి దూకి నలువైపులా చూసి అడిగాడు.

"ఎవలొచ్చిన్రు? ఏడున్నరు?"

మా అమ్మ గరిటె తిప్పడం ఆపలేదు.

"మీరే వచ్చిన్రు" అన్నది.

అన్న చుట్టూ చూశాడు. ఊరి ఆడవాళ్ళంతా ఆ గుడిసె తలుపుకు అడ్డంగా కూర్చుని ఉన్నారు. అందరి చూపూ వాడి చేతిలోని కర్ర మీదే ఉంది. వెనకనున్న పోరగాళ్ళలో ఒకడి తల్లి లేచి, కొడుకు చేతిలోంచి కర్ర తీసుకుని పొయ్యిలో కట్టెగా పెట్టింది. అన్న మొహంలో రంగులు మారాయి. కోపం వచ్చింది, సిగ్గు వచ్చింది, మళ్ళీ కోపం వచ్చింది. ఎటు పోయేవాడో నాకు తెలియదు. అప్పుడు నాయనమ్మ, చిన్నమ్మ పెట్టిన కంచం ఒళ్ళో పెట్టుకుని, పులుసులో ముద్ద కలుపుకుంటూ, "నిలవడ్డవేందిరా, కూసో. ఉరికొచ్చినవ్, ఆకలయితలేదా? జర ఉప్పు తక్కువైంది గని మంచిగున్నది" అన్నది.

వాడు కూర్చున్నాడు. తల ఎత్తకుండా తిన్నాడు. అందరూ తిన్నారు. చాలాసేపటికి చిచ్చా తలుపు పట్టుకుని బయటికి వచ్చి నిలబడితే, అన్న జరిగి పక్కన చోటిచ్చాడు. క్షమించమని అడగలేదు, మా ఊళ్ళో మగవాళ్ళు అలాంటి మాటలు ఎరగరు. చోటు ఇచ్చాడు, ఆయన కూర్చున్నాడు. అంతే జరిగింది. ఆ కుటుంబం ఊరు విడిచి పోలేదు. చిచ్చా మా ఊరి మట్టిలోనే కలిశాడు.

తర్వాత నేను అత్తవారింటికి పోయాను. అన్న మామూలు రైతుగానే బతికాడు గానీ, మామూలు రోజుల్లో వాడితో వేగలేక మా వదిన తల కొట్టుకునేది. అదే గడ్డివాము అంటుకున్నా, బావిలో ఎవరన్నా పడ్డా, దవాఖానకు ఎవరినన్నా మంచం మీద మోసుకుపోవాలన్నా, వాడి కాళ్ళకు రెక్కలు వచ్చేవి. వాడికి పని కల్పించడానికే దేవుడు ఊళ్ళో ఆపదలు తెస్తున్నాడని వదిన దెప్పేది. ఇప్పుడు వాడు లేడు. ఊళ్ళో పొగ కూడా లేదు. ఏ ఇంట్లో చూసినా గ్యాసే, ఎవరు వండుకున్నారో ఎవరు పస్తున్నారో ఆకాశం వైపు చూస్తే తెలిసే రోజులు పోయాయి. కాలనీల్లో అసలే తెలియదు. మనవరాలితో చెప్పాను, నీకు కావలసింది వాన కాదే పిచ్చిదానా, నీ అవసరం నలుగురికి ఉండడం, నలుగురి తలుపులు తెరిచి ఉండడం, అది కోరుకోవడం తప్పు కాదు, కానీ దాని కోసం వాననో శత్రువునో వెతుక్కోవద్దు అని. విన్నదో లేదో, ఫోను మోగితే లేచిపోయింది.

చివరిసారి పుట్టింటికి పోయినప్పుడు దర్జీ చిన్నమ్మ ఉన్నది. చూపు ఆనదు, చేతి తడుముడుతోనే కాజాలు కుడుతోంది. గొంతును బట్టి నన్ను గుర్తుపట్టి, పక్కన కూర్చోబెట్టుకుని, అటూ ఇటూ చూసి, అచ్చం మా మనవరాలు లాగే గొంతు తగ్గించి అన్నది. "బిడ్డా, చెప్తె నవ్వుతవ్. గా ఆపద దినాలే మంచిగుండె. మీ నాయనమ్మ నా చేతి కూడు తిన్నది." అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది ఆమె. మొగుడి ఒంట్లో శక్తి పోయింది, కూటికి ఆధారమైన మిషను పోయింది, ఇల్లు కూడా పోయేది. అయినా ఆమెకు గుర్తున్నది ఆ తోక ముక్క అడగడమే. పొగ లేచిన ఆ సాయంత్రం తర్వాత మా నాయనమ్మ ఎన్నో ఏళ్ళు బతికింది, అదే వీధిలో, మళ్ళీ ఒక్కసారి కూడా ఆ గడప ఎక్కలేదు. అమ్మా ఎక్కలేదు. పెద్ద పెద్ద మాటలు చెప్పే నేను కూడా ఎప్పుడు వచ్చినా వాకిట్లో నిలబడి పలకరించి పోయినదాన్నే.

చెప్పులు విడిచి లోపలికి పోయి పీట వాల్చుకుని, చిన్నమ్మా, ఏం వండినవో పెట్టు అన్నాను. ఎండుచేపల పులుసూ జొన్నరొట్టే పెట్టింది. ఊరికి ఏ ఆపదా లేదు, బయట ఎండ కాస్తోంది, ఎవరో పిల్లలు ఆడుకుంటున్నారు. అంత చిన్న పని. ఏ భయమూ లేని రోజున అది చేయడానికి మా ఇంటి వాళ్ళకు అన్నేళ్ళు పట్టింది.